బయటున్న రోజులు

ముప్పై ఒకటో గొట్టాన్ని గిరగిర తిరిగే పెట్టెలో దింపుతుండగా, బయట వరసలో ఎవరిదో ఎముక విరిగిన చప్పుడైంది. హైమ తల ఎత్తలేదు. కుర్చీ కాలు విరిగితే వచ్చే చప్పుడు వేరు, చెయ్యి విరిగితే వచ్చే చప్పుడు వేరు. ఆరేళ్ల కొలువులో ఆ తేడా ఆమె చెవికి పట్టుబడింది. మూత బిగించి, మీట నొక్కి, గోడకున్న మైకులో తరవాతి నంబరు పిలిచింది.

ముప్పై రెండో నంబరు మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంది. పెదవి చిట్లి ఉంది. వరసలో రెండడుగులు ముందుకు జరిగినందుకు కాపలావాళ్లు ఇచ్చిన బహుమానం అది. చాపమని అనకముందే చెయ్యి చాపింది.

"మొదటి రోజు?" అని అడిగింది యంత్రం. దానికి ఆడగొంతు పెట్టారు, మెత్తగా ఉంటుందని.

"మంగలోరం," అందామె.

"నీటి రికార్డుతో సరిపోయింది. ఇవాళ నాలుగో రోజు."

హైమ సూది దించి రక్తం లాగింది. కొసలున్న ఆర్‌ఎన్‌ఏ పోగులన్నిటినీ కొరికి తినే ఎంజైమును అందులో వదిలితే, అది తినగలిగినదంతా తినేసి ఊరుకుంటుంది. రెండు కొసలూ కలిసి ముడిపడిన పోగులు మాత్రం మిగులుతాయి. కొస లేనిదాన్ని ఎక్కణ్ణుంచి కొరకాలో దానికి తెలియదు. గర్భసంచి లోపలి పొర దారితప్పి బయట, పేగుల మీదా అండాశయాల మీదా మొలిచిన ఆడదాని రక్తంలో ఒక రకం వలయాలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని లెక్కపెట్టడం హైమ పని. కాగితాల మీద దాని పేరు వలయాంకం. సముద్రపు ఏడో కట్ట మీది ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లకు మాత్రం అవి చుట్టలు, హైమ చుట్టలమ్మ. అడ్డచుట్ట కాల్చే ముసలమ్మలు, "ఏటమ్మా, నా రగతంలో సుట్టలేమైనా మిగిలినాయా? ఒకటి ఇలాగియ్యి, ముట్టించుకుంతాను" అని వేళాకోళమాడేవాళ్లు. ఈమధ్య ఎవరూ ఆడటం లేదు.

"సున్నా," అంది యంత్రం ఏడు నిమిషాల తరవాత.

ఇద్దరు కాపలావాళ్లు వచ్చి ఆమెను రెక్కలు పట్టుకుని లేపారు. ఆమె కుర్చీ చేతిని వదల్లేదు. ఒకడు లాఠీతో వేళ్ల కణుపుల మీద కొట్టాడు, మూడో దెబ్బకు వదిలింది. హైమ కాగితం మీద సంతకం చేసి, కుర్చీ మీద పడిన చుక్కలు తుడిచింది. అవి పరీక్షకు పనికొచ్చే రక్తం కాదు.

ఇరవై ఏళ్ల కిందట ఉప్పుపలకల ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు మూడు నెలలు సమ్మె చేసి, పదకొండు మంది ప్రాణాలిచ్చి, బాధా చట్టం తెచ్చుకున్నారు. బయటిపొర జబ్బున్న మనిషికి నెలకు ఆరు రోజులు విశ్రాంతి, నొప్పి పట్టా, ఉచిత వైద్యం. అడిగినదంతా ఇచ్చి, చివర్లో ఒక్క వాక్యం చేర్చారు. నొప్పి ఉందని నోరు చెబితే చాలదు, రక్తం చెప్పాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు, మిగతా పని ఆ వాక్యం చూసుకుంది. రక్తం చెప్పకపోతే మనిషి నటిస్తున్నట్టు లెక్క. మొదటి సున్నాకు ఎనిమిది గంటలు నిలుపుగదిలో నిలబడాలి. రెండో సున్నాకు నడుముపట్టీ వేస్తారు, నడుము వంచితే కరెంటు కొట్టే పట్టీ. కడుపునొప్పి వచ్చిన మనిషి నడుము వంచకుండా ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. నొప్పి లేనివాళ్లు వంగరు కదా అన్నారు.

మూడో సున్నాకు నరవిచ్ఛేదం. జబ్బు లేకుండా మూడుసార్లు నొప్పి వచ్చిందంటే లోపం నరంలోనే ఉండాలి కాబట్టి, నడుము దగ్గర ఆ నరాన్ని తెంచేస్తారు. తరవాత నొప్పి ఉండదు. నిజంగా లోపల జబ్బున్న మనిషైతే అది పేగుల్ని తొలుచుకుంటూ పోయినా తెలియదు. ఒకనాడు పేగు తూటు పడుతుంది, మనిషి నవ్వుతూ నవ్వుతూ పడిపోతుంది. ఏడో కట్టలో అలా తొమ్మిది మంది పోయారు. ఆ చావులకు గుండెపోటు అని రాశారు.

హైమ రాక్షసి కాదు. యంత్రాన్ని నమ్మిన మనిషి. ఆమె తల్లికి పదహారో ఏటి నుంచి నొప్పి. పెళ్లయితే తగ్గుతుందని ఒక డాక్టరు, పిల్లలు పుడితే తగ్గుతుందని ఇంకొకడు, మనసు గట్టి చేసుకోమని మూడోవాడు చెప్పారు. నాలుగోవాడు కోసి చూసేసరికి లోపల ఏ అవయవం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా అతుక్కుపోయి ఉన్నాయి. నెల తిరక్కుండా పోయింది. ఎనిమిదేళ్ల హైమను హాస్టల్లో వేశారు. నా తల్లి మాటను నమ్మని లోకం ఒక రక్తపుచుక్కనైనా నమ్ముతుంది కదా అని హైమ ఈ చదువు చదివింది. నమ్మకం కొద్దీ సంతకాలు చేసింది. పాపం తెలియక చేసినా పాపమేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆ ఉదయం దాకా ఆమెకూ తోచలేదు.

ముప్పై ఎనిమిదో నంబరు నడిచి రాలేదు. కాపలా నాయకుడు సింహాచలం జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఆమె పేరు మైలపల్లి పోలమ్మ, మంచుగదిలో పలకలు పేర్చే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. నడుముపట్టీ వేసి ఉంది. పట్టీ కింద చర్మం కమిలి, పుండై, చీర అంటుకుపోయింది.

"మూడోసారి," అన్నాడు సింహాచలం. "పారిపోబోయినాది. కట్ట దిగి సముద్రంలోకి దూకబోతే పట్టుకొచ్చినాం. తీయమ్మా బేగి, డాక్టరుగారు సిద్ధంగా ఉన్నారు."

"పారిపోలేదు బాబూ, సచ్చిపోదావని ఎల్లినాను," అంది పోలమ్మ.

సింహాచలం వెనకచేత్తో మొహం మీద కొట్టాడు. ఆమె ముక్కులోంచి రక్తం కారి హైమ గ్లవ్స్ మీద పడింది. హైమకు ఒళ్లు మండింది.

"ముందు నమూనా తీయనివ్వండి, తరవాత కొట్టుకోండి," అంది. ఇంతకన్నా మంచిమాట ఆమె నోట రాలేదు.

"మొదటి రోజు?" అంది యంత్రం.

"బుదోరం."

"నీటి రికార్డుతో సరిపోయింది. ఇవాళ మూడో రోజు."

ఫలితానికి ఏడు నిమిషాలు. పోలమ్మ రెండుసార్లు వంగింది. రెండుసార్లూ పట్టీ చిటపటమంది, ఆమె దవడలు బిగుసుకున్నాయి. కాలిన వాసన వచ్చింది. సింహాచలం ముక్కు మూసుకున్నాడు.

"సున్నా," అంది యంత్రం.

ఆ మాట పూర్తికాక ముందే పోలమ్మ లేచింది. గొట్టాల స్టాండును బల్లకేసి బాదింది. గాజు పెంకు ఒకటి పిడికిట్లోకి తీసుకుని, రెండో చేత్తో హైమ జుట్టు దొరకబుచ్చుకుని, ఆమెను గోడకు అదిమింది. పెంకు హైమ మెడ మీద ఆనింది.

"కదిలితే కోసేత్తాను!" అని కాపలావాళ్ల మీద అరిచింది. వాళ్లు ఆగిపోయారు. అప్పుడామె హైమ మొహంలోకి చూసింది. ఇద్దరి ముక్కులకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. "ఏటమ్మా సుట్టలమ్మా, సున్నాయేటి? సున్నా అంటే ఏటో తెలుసా నీకు? అయిదు రోజులు బయటున్నాను. నేల కరుసుకుని పడుకున్నాను. సచ్చి బతికినాను. అప్పుడొచ్చి నా రగతం తీసుకుంటే తెలిసును నీకు."

"మరి అప్పుడే రావలసింది," అంది హైమ. ఊపిరి అందడం లేదు.

"బయటున్నప్పుడు ఎవులైనా రగతం ఇత్తారా? తప్పు కాదేటి? తలకి పోసుకునే కదా రావాల."

చావు ముందు మనసు ఎక్కడెక్కడికో పోతుందంటారు. హైమ మనసు మాత్రం లెక్కలోకే పోయింది, అది ఆమె స్వభావం. "ఆగు, ఆగు," అంది. "అయిదు రోజులేమిటి? బుధవారం మొదటి రోజన్నావు. ఇవాళ శుక్రవారం."

"బుదోరమే. బుదోరం నాడు తలకి పోసుకున్నాను. అదే కదా ఒకటో రోజు."

"రక్తం కనపడింది ఎప్పుడు?"

"అది ముందటి సుక్కురోరం. అది బయటున్నప్పటి మాట." పోలమ్మ గొంతులో కోపం తగ్గి ఆశ్చర్యం వచ్చింది. ఇంత చదువుకున్న ఆడదానికి ఈపాటి తెలియదా అన్నట్టు చూసింది. "బయటున్న రోజులు లెక్కలోకి ఏటొత్తాయమ్మా?"

సింహాచలం లాఠీ ఆమె మణికట్టు మీద పడింది. పెంకు జారుతూ హైమ మెడ మీద గీత గీసుకుంటూ పోయింది. రెండో దెబ్బ నడుము మీద, పుండు మీదే పడింది. పోలమ్మ వంగింది, పట్టీ కొట్టింది, కిందపడింది. కిందపడ్డాక కూడా ముగ్గురు కలిసి బూటుకాళ్లతో తన్నారు. ఆ తరవాత కాళ్లు పట్టుకుని కోతగది వైపు ఈడ్చుకుపోయారు. నున్నటి గచ్చు మీద ఆమె జుట్టు వెనకాల తడిగా చార వేసుకుంటూ వెళ్లింది.

హైమ మెడకు దూది అదుముకుని యంత్రం ముందు కూర్చుంది. పోలమ్మ రక్తంలో చుట్టల పచ్చి లెక్క యాభై ఎనిమిది. ముట్టయిన మొదటి రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు కూడా ఈ వలయాలు పెరుగుతాయి, గర్భసంచి పొర రాలుతుంది కాబట్టి. అందుకని యంత్రం రోజును బట్టి కొంత తీసేస్తుంది. దాన్ని రుతుకోత అంటారు. మూడో రోజుకు యాభై రెండు కోత. యాభై ఎనిమిదిలో యాభై రెండు పోతే ఆరు. పన్నెండు దాటకపోతే సున్నా కిందే లెక్క.

పోలమ్మకు ఇవాళ మూడో రోజు కాదు, ఎనిమిదో రోజు. ఎనిమిదో రోజుకు కోత తొమ్మిదే. యాభై ఎనిమిదిలో తొమ్మిది పోతే నలభై తొమ్మిది.

నలభై తొమ్మిది వచ్చిన మనిషిని హైమ ఆరేళ్లలో ఇద్దర్నే చూసింది. ఇద్దర్నీ స్ట్రెచర్ మీద తెచ్చారు.

ఆమె లేచి, అద్దం తలుపు తీసి, వరసలో ముందున్న నలుగుర్ని అడిగింది. "మీకు మొదటి రోజంటే ఏ రోజు?" నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "తలకి పోసుకున్న రోజమ్మా" అంది ఒకామె. "అదీ తెల్దా" అంది ఇంకొకామె, నవ్వాపుకుంటూ. హైమకు తెలియదు. హాస్టల్లో బయట కూర్చోడానికి బయట లేదు. రక్తం కనపడిన రోజున కాలెండర్లో చుక్క పెట్టుకోమని వార్డెన్ నేర్పింది, అదే మొదటి రోజు. లోకమంతా అలాగే లెక్కపెడుతుందని ఆమె అనుకుంది.

ఆమే కాదు, యంత్రాన్ని చేసినవాళ్లూ అలాగే అనుకున్నారు. ఆడవాళ్లు తేదీలు కల్పించి చెబుతారేమోనన్న అనుమానం కొద్దీ నీటి రికార్డును సాక్ష్యంగా తెచ్చుకున్నారు. ఊటబావులన్నీ ఉప్పెక్కి మంచినీళ్లు కొలిచి పోసే రోజులివి. నెలకోసారి ఆడవాళ్లకు పన్నెండు లీటర్లు ఎక్కువ ఇస్తారు, తలనీళ్ల చీటీ మీద. చీటీ వాడుకున్న రోజే మొదటి రోజని ఎవరో చల్లని గదిలో కూర్చుని తీర్మానించి సంబరపడ్డారు. ఆ చీటీని ఇక్కడ ఒక్క ఆడదీ అయిదు రోజులు దాటకుండా వాడదు. బయటున్నప్పుడు ఎవరూ పరీక్షకు రారు. తలకి పోసుకుని, శుభ్రంగా, రెండో రోజనో మూడో రోజనో చెప్పుకుంటూ వస్తారు. ఉన్న చుట్టలన్నీ కోతలో పోతాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. యంత్రమూ చెప్పలేదు. అయిదు రోజుల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

పాత లెక్కలు తీసింది. ఏడో కట్టలో నరవిచ్ఛేదం అయినవాళ్లు నలభై ఒక్కమంది. ఒక్కొక్కరికీ అయిదు రోజులు కలిపి మళ్లీ చేసింది. నలుగురికి సున్నాయే వచ్చింది. ముప్పై ఏడు మందికి రాలేదు. ముప్పై ఏడు కాగితాల మీదా కింద ఒకటే సంతకం, గుండ్రంగా, చదువుకున్న పిల్ల సంతకం. హైమ బల్ల పక్కనే వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని, ఆ ముప్పై ఏడు పేర్లూ అచ్చు తీసుకుని కోతగదికి పరుగెత్తింది.

పోలమ్మను బోర్లా పడుకోబెట్టి, చేతులూ కాళ్లూ తోలు పట్టీలతో బిగించారు. నోటికి అడ్డంగా రబ్బరు కట్టె పెట్టారు. నడుం మీద పసుప్పచ్చ మందు పూశారు. మత్తు సూది ఇవ్వలేదు. నొప్పి లేదని రక్తం చెప్పాక మత్తెందుకు? చర్మం మొద్దుబారే మందు ఒక్కటే రాస్తారు. డాక్టరు కేదార్ గ్లవ్స్ వేసుకుంటున్నాడు.

"డాక్టరుగారూ, ఆపండి. ఈమెకు నలభై తొమ్మిది. రోజు తప్పు పడింది." రొప్పుతూనే అంతా చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. తెలివైనవాడు, రెండో వాక్యానికే అర్థమైంది. మొహంలో రంగు మారింది.

"నీటి రికార్డు మొదటి రోజు బుధవారమనే అంటోంది కదా," అన్నాడు.

"నీళ్ల రోజు అది. రక్తం రోజు కాదు."

"ఆమె నోటిమాట. చట్టంలో నోటిమాటకు విలువ లేదు హైమగారూ."

"మీకు విలువ లేదా? మీరు డాక్టరు కదా! కోశాక లోపల ఏమవుతుందో మీకు తెలియదా? చచ్చిపోతుందండీ!"

కేదార్ ఆమెను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "ఒక్కరికి మారిస్తే అందరికీ మార్చాలి. అందరికీ మారిస్తే ఇంతవరకు కోసినవాళ్లకు ఏం చెబుతాం? కత్తి నాదే. కాగితం మీద పేరు మీది. పై నెల నుంచి నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా, ప్రశ్న మార్పిద్దాం. మీరు నాకు చెల్లెలి లాంటివారు, అందుకే చెబుతున్నాను."

"ఈమె?"

ఆయన గ్లవ్స్ సర్దుకున్నాడు. బల్ల దగ్గరికి వెళ్లాడు. హైమ కత్తుల పళ్లెం తోసేసింది. సింహాచలం ఆమె నడుం పట్టుకుని ఎత్తి గుమ్మం బయటకు విసిరాడు. లేచి తలుపు పట్టుకోబోతే ఇనప తలుపు మూశాడు, కుడిచేతి రెండు వేళ్లు సందులో ఉండగానే. వేళ్లు బయటికి లాక్కునేసరికి వాటి ఆకారం మారిపోయింది. లోపలినుంచి రబ్బరు కట్టె కొరుకుతున్న మూలుగు వినపడింది.

హైమ వరండాలో కూలబడి ఆలోచించింది. ఎక్కువసేపు కాదు. నోరు మూసుకుంటే తనకేమీ కాదు. పై నెల ప్రశ్న మారుతుంది, ఇకముందు రాబోయేవాళ్లు బతుకుతారు. అది మంచి బేరమే. నోరు విప్పితే బయట ముంగిట్లో రెండువందల మంది ఆడవాళ్లున్నారు. వాళ్లలో కోతకు గురైనవాళ్ల అక్కచెల్లెళ్లు, తల్లులు ఉన్నారు. డాక్టరు లోపల ఉంటాడు, చట్టం రాసినవాళ్లు ఎక్కడో ఉంటారు. వాళ్ల చేతికి అందేది తనొక్కతే. హైమకు భయం వేసింది. ఉచ్చ పడేంత భయం వేసింది. తన తల్లి నేల మీద పడుకుని గోడను గోళ్లతో గీకుతుంటే, గుమ్మంలో నిలబడి చూసినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

లేచి తన గదిలోకి వెళ్లి గోడకున్న మైకు అందుకుంది.

"ముప్పై తొమ్మిది కాదు," అంది. ముంగిట్లో గొంతులు తగ్గాయి. "నంబరు పిలవడం లేదు. అందరూ వినండి. నేను చుట్టలమ్మని. యంత్రం అడిగే మొదటి రోజు, రక్తం కనపడిన రోజు. మీరు చెబుతున్నది తలకి పోసుకున్న రోజు. మీరు బయటున్న అయిదు రోజుల్ని యంత్రం లెక్కపెట్టడం లేదు. సున్నాలు అందుకే వస్తున్నాయి. మీరు నటించడం లేదు. మీకు జబ్బుంది. నేను మళ్లీ లెక్కపెట్టి చూశాను. నలభై ఒక్కమందిని కోస్తే, వాళ్లలో ముప్పై ఏడు మందికి జబ్బుంది. ఆ కాగితాల మీద సంతకం నాది. మైలపల్లి పోలమ్మకు నలభై తొమ్మిది. ఆమెను ఇప్పుడు లోపల కోస్తున్నారు."

ముంగిట్లో ఎవరో ఒక ముసలమ్మ, "ఓలమ్మా, మా ఆడగుంటల్రో" అని గుండెలు బాదుకుంది.

అక్కణ్ణుంచి ఎవరేం చేశారో వరసగా చెప్పడం కష్టం. కాపలావాళ్లు పన్నెండు మంది, లాఠీలు పన్నెండు. మొదటి వరసలో నలుగురి తలలు పగిలాయి. ఒక పిల్ల కన్ను పోయింది. ఆడవాళ్లు ఆగలేదు. నడుముపట్టీలున్నవాళ్లు ముందుకొచ్చారు. వాళ్లకు ఆయుధమంటూ ఉంటే ఆ పట్టీయే. ఒకామె కాపలావాణ్ణి రెండు చేతులా కావలించుకుని కావాలనే వంగింది. కరెంటు ఇద్దరిలోనూ పారింది, వాడు కేకపెట్టి పడ్డాడు. అది చూసి ఇంకొకామె వంగింది, ఇంకొకామె వంగింది. ఇన్నాళ్లూ ఎక్కడ వంగాల్సి వస్తుందోనని వణికిన మనుషులు పళ్లు బిగించి, ఏడుస్తూ, తిడుతూ వంగారు. సింహాచలం కోతగదిలోంచి బయటికొచ్చి లాఠీ ఎత్తాడు. లాఠీ దించే అవకాశం అతనికి దొరకలేదు. ఆరుగురు మీద పడ్డారు. దవడ ఎముక విరిగిన చప్పుడు హైమ తన గదిలోంచి గుర్తుపట్టింది.

డాక్టరు లోపల గడియ పెట్టుకున్న కోతగది తలుపును మంచుగది తోపుడుబండితో గుద్ది పగలగొట్టారు. డాక్టరు మూలన నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. ఆ చేతుల్నే పట్టుకున్నారు. ఒక్కొక్క వేలూ వెనక్కి విరిచారు. ఆయన కాళ్లావేళ్లా పడ్డాడు, తను ఆజ్ఞ పాటించానన్నాడు. మావూ పాటించినాం బాబూ అంది విరుస్తున్న మనిషి.

పోలమ్మ నడుం మీద నాలుగంగుళాల కోత పడింది. ఎర్రగా, నోరు తెరుచుకుని ఉంది. వాళ్ల వెనకాలే లోపలికొచ్చిన హైమ ఎడమచేత్తో గాయం రెండు వైపులా లాగి చూసింది. కండ తెగింది. దాని కింద తెల్లటి నరం చెక్కుచెదరకుండా ఉంది. గుడ్డ అదిమి, గట్టిగా కట్టమని పక్కనున్న మనిషికి చెప్పింది. పోలమ్మ నోట్లోంచి రబ్బరు కట్టె తీసేశారు. దాని నిండా పళ్ల గాట్లున్నాయి.

"నొప్పిగుందమ్మా," అంది పోలమ్మ.

"ఉంటుంది," అంది హైమ. "నరం తెగలేదు. ఉంటుంది." ఏడుపు ఆపుకోలేకపోయింది.

అప్పుడు ఆడవాళ్లు ఆమె వైపు తిరిగారు. గుంపు చీలి దారి ఇచ్చింది. ఆ దారిలో ఒక మనిషి వచ్చింది, గట్టి ఎముక మనిషి, చెయ్యంతా ఎవరిదో రక్తం. ఆమె పేరు కారి సూరమ్మ అని పక్కవాళ్లు గుసగుసలాడారు.

"మా అప్ప నూకాలమ్మ, నా తోడబుట్టినాది," అంది సూరమ్మ. "పోయినేడు కోసినారు. అన్నం తింతా తింతా నవ్వి, ఎనక్కి పడిపోనాది. పేరుందా?"

హైమ చేతిలో కాగితం నలిగి తడిసిపోయింది. చూడక్కర్లేదు. ఉత్తినే చూసింది. "ఉంది. ఆరో పేరు. ముప్పై మూడు చుట్టలు. నేనే సంతకం పెట్టాను."

సూరమ్మ కొట్టింది. పిడికిలి దెబ్బ, దవడ మీద. హైమ గోడకు కొట్టుకుని కూలింది. రెండోసారి కొట్టింది. పన్ను ఒకటి నాలుక మీదికి ఊడిపడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఇంకో అడుగు దగ్గరికి వేశారు. హైమ చేతులు అడ్డం పెట్టుకోలేదు. కాగితం మాత్రం గుండెకు అదుముకుంది, చిరిగిపోకుండా.

మూడో దెబ్బకు ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. సూరమ్మ ఆయాసపడుతూ ఆమె మీదికి వంగి చూసింది. కళ్లనీళ్లు హైమ మొహం మీద పడ్డాయి. వెనకాల ఎవరో, "మా వొదిన పేరుందేమో అడగే" అన్నారు. ఇంకెవరో తమ కోడలి పేరు చెప్పారు. సూరమ్మ చెయ్యి దించింది. ఆ చేత్తోనే హైమ రెక్క పట్టుకుని లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

"సదువు," అంది. "మొదట్నుంచీ సదువు. ఒక్క పేరు కూడా ఒగ్గకు."

హైమ నోట్లో రక్తం ఉమ్మి, కాగితం సాపు చేసుకుని, మొదటి పేరు చదివింది.